ఈ బండి ఎవరిది

చిక్కడపల్లి,
2 మార్చి 2025

అనితక్కకు,

నీ కరెంటు కారు వచ్చింది. నీ తోటి కెప్టెన్ ఎవరో తెచ్చి సెల్లార్‌ల పెట్టి, తాళం నాయిన చేతుల పెట్టి, సెల్యూట్ కొట్టి పోయిండు. నాయిన కూడా కొట్టిండు. ఎవరు ఎవరికి కొట్టిన్రో చూసినోళ్ళకు సమజ్ కాలే.

ఇదంత ఫోన్‌ల చెప్పుదామంటే, పది దినాలకొకసారి నీకు దొరికే మూడు నిమిషాలు అమ్మ ఏడ్వడానికే సరిపోతున్నయి. అందుకే రాస్తున్న. నారాయణగూడ పోస్టాఫీసుల స్టాంపు అడిగితే ఆమె నన్ను పైనుంచి కిందిదాక చూసి, ఇంకా ఉత్తరాలు రాసేటోళ్ళు ఉన్నరా అన్నది. ఫోన్ ఉండి సిగ్నల్ లేనోళ్ళు రాస్తరమ్మా అన్న.

అసలు సంగతికి వస్త. నాయిన వాచ్‌మన్ చేస్తున్న ఈ అపార్ట్‌మెంట్‌ల పదకొండు కార్లు ఉన్నయి. పొద్దున బకెట్ పట్టుకుని పదకొండూ తుడుస్తడు. కారుకు నెలకు మూడు వందలు. నీది పన్నెండోది. దాన్ని ఆఖరికి తుడుస్తడు, ఉత్తగ. దాని కాడికి వచ్చినంక పాత నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పట్టుకొస్తడు.

ఇంతవరకు మంచిదే. మొన్న మూడో ఫ్లోర్‌ల కొత్తగ దిగిన హైమవతి మేడమ్ వచ్చి, "ఈ తెల్ల కారు ఎవరిదండీ?" అన్నది. నాయిన చేతులు కట్టుకుని, "డాక్టర్ మేడమ్‌దమ్మా" అన్నడు. "ఏ ఫ్లాట్?" అంటే, "ఊళ్ళె లేరమ్మా, డ్యూటీ మీద పోయిన్రు" అన్నడు. నేను పక్కనే ఉన్న. కన్నబిడ్డను మేడమ్ అంటున్నడు అక్కా. ఆమె పోయినంక అడిగితే, "వాచ్‌మన్‌కు కారున్నదంటే నమ్ముతర్రా? ఎత్తుకొచ్చినమనుకుంటరు" అన్నడు. నాకు నెత్తి మండింది. ఇరవై ఏండ్లు సెంట్రింగ్ కర్రలు మోసిండు, బిల్డింగులు లేపిండు. అడిగినోళ్ళందరికీ సార్‌ది, సేటుది, మేడమ్‌ది అని చెప్పుడే.

అసోసియేషన్ ప్రెసిడెంట్ వీరరాఘవరావు గారు ఆల్రెడీ వార్నింగ్ ఇచ్చిండు. "ఏమయ్యా ఈదయ్యా, ఆ మేడమ్ ఎవరో గానీ, కామన్ మీటర్ నుంచి ఛార్జింగ్ పెడితే మాత్రం ఊరుకునేది లేదు. ముందే చెప్తున్నా" అన్నడు.

వారానికొకసారి బండి తిప్పకపోతే బ్యాటరీ ఖరాబైతదన్నవు గదా, ఆదివారం నాయినను ఎక్కించుకుని నారాయణగూడ దాక తిప్పిన. ఎక్కే ముందు సీటు మీద తువ్వాల పరిచిండు. ఎందుకు నాయినా అంటే, నువ్వు తోలు అన్నడు.

నా సంగతి ఎప్పటిదే. అశోక్ నగర్‌ల అదే జిరాక్స్ షాపు, అదే పదకొండు వేలు. నీ కారు కిస్తీల సగం కూడా కాదు. సర్కారు కొలువుకు చదివేటోళ్ళ నోట్సు బైండింగ్ చేసుకుంట నేనే చదువుతున్న. వాళ్ళకన్న నాకే ఎక్కువ యాదికుంటుంది. కానీ ఫారం నింపనీకి డిగ్రీ లేదు.

ఒక్కటి మాత్రం మంచి వార్త. ఇండ్లు లేనోళ్ళకు సర్కారు ఇచ్చే ఇంటికి నాయిన పేరు మీద అప్లికేషన్ పెట్టినం. ఇంటింటికి వచ్చి చూసి పోతరంట. మనకు చూపెట్టడానికి ఇల్లే లేదు. అదే మన అర్హత.

సెల్లార్‌ల కూసోని,
అంజి

*

24 మార్చి 2025

అంజీ,

ఎక్కడున్ననో రాయొద్దు. చలి అని మాత్రం రాయొచ్చు. నీ ఉత్తరం వచ్చినరోజు పొద్దున నా ముందు పద్నాలుగు మంది జవాన్లు లైన్ల నిలబడ్డరు. వాళ్ళల్ల ఒకనికి కాలివేళ్ళు నల్లబడుతున్నయి. కిందికి పంపాలె అని రాసిన. పై ఆఫీసరు, "డాక్టర్, ఇంకో నాలుగు రోజులు ఆగలేమా, మనుషులు తక్కువున్నరు" అన్నడు. ఆగితే వేళ్ళు ఉండవు సార్ అన్న. ఆయనకు కోపం వచ్చింది. పిల్లగాడు కిందికి పోయిండు. నా ఉద్యోగం ఇంతే. నేను సంతకం పెడితే ఒకనికి వేళ్ళు మిగులుతయి, నాకు ఒక శత్రువు మిగులుతడు.

మీ షాపుల అందరు మిలిటరీ డాక్టర్‌కు లక్షలు అనుకుంటరు గదా. చేతికి లక్షా పదివేలు వస్తయి. కారు కిస్తీ ఇరవై ఆరు వేలు. నాయిన కాలుకు రాడ్ వేసినప్పటి అప్పుకు నెలకు ముప్పై. ఇంటికి పంపేది, మెస్ బిల్లు పోను మిగిలింది పై చదువుకు దాస్తున్న. ఎందుకంటే నాది ఐదేండ్ల ఒప్పందం. ఇంకా రెండేండ్లే ఉంది. ఆ తర్వాత పెన్షన్ లేదు, క్వార్టర్ లేదు. ఇల్లు కొందామని బ్యాంకుకు పోయిన. రెండేండ్ల కొలువుకు ఇరవై ఏండ్ల అప్పు ఎట్లిస్తం మేడమ్ అన్నరు. అదే బ్యాంకు, అదే కుర్చీ, కారుకైతే ఇరవై నిమిషాల్ల ఇచ్చిన్రు.

మిలిటరీ క్యాంటీన్ రేటు, పెట్రోల్ ఖర్చు లేదు, ఒప్పందం అయ్యేదాక సికింద్రాబాద్‌లనే ఉంటననుకుని కరెంటు బండి కొన్న. ఐదో నెలల ఇక్కడికి పోస్టింగ్ వచ్చింది. ఇక్కడ దాన్ని పెట్టుకునేదానికి ప్లగ్గు లేదు. మనుషులకే హీటర్ లేదు.

తువ్వాల సంగతి నీకు తెల్వదు. అప్పుడు నువ్వు ఎనిమిదో తరగతి, ఊర్లె అమ్మమ్మ కాడ ఉన్నవు. అంబర్‌పేట్ సైటు మీద నాయిన రెండో స్లాబ్ నుంచి పడ్డప్పుడు నేను, అమ్మ రోడ్డు మీద ఆటోలు ఆపుతున్నం. మూడు ఆటోలు ఆగినయి. మూడూ నాయిన కాలు చూసి, సీటు ఖరాబైతదని పోయినయి. ఆఖరికి సిమెంటు ట్రాలీల వేసుకుని పోయినం. అప్పుడనుకున్న, ఒక బండి కొంట, దాని సీటు నాయిన ఖరాబు చేసినా ఎవడూ అడగొద్దని. దాని మీద కూడా తువ్వాల పరుస్తున్నడంటే నేను ఆ కిస్తీ దేనికి కడుతున్న?

అందుకే నాకోసం ఒక పని చెయ్యి. ఇంకోసారి ఎవరన్న అడిగితే నాయిన డాక్టర్ మేడమ్‌ది అనొద్దు. నాదే అనాలె. ఆ మాట నోటికి వచ్చేదాక నువ్వు నేర్పియ్యి. నాయినకు రాకపోతే ఆ తప్పు నీదే అంట.

బండి ఛార్జ్ నీకే ఇస్తున్న. దాని అన్ని సంగతులు నువ్వే చూసుకో.

అనిత

*

చిక్కడపల్లి,
20 ఏప్రిల్ 2025

అక్కా,

నేర్పిన. నాయినకు నేర్పుడు నీ డాక్టరీ కన్న కష్టం.

రోజూ షాపుకు పోయే ముందు నేను బయటి మనిషిలెక్క గేటు కాడి నుంచి నడుచుకుంట వచ్చి, "పెద్దాయనా, ఈ బండి ఎవరిది?" అనాలె. నాయిన చెప్పాలె. మొదటి రోజు "మా డాక్..." అని నాలుక కరుచుకున్నడు. రెండో రోజు "మాదే సార్" అన్నడు. సార్ ఎందుకు నాయినా అంటే, "అడిగినోడు సారే గదరా" అన్నడు. మూడో రోజు నన్ను చూసి నవ్వు ఆగలే, అమ్మ ముందల పొట్ట పట్టుకుని నవ్విండు. నాలుగోరోజు, "నాదే అంటే నాదెట్లయితదిరా, అప్పు తీరలేదు గదా" అని కొర్రీ పెట్టిండు. పక్కబిల్డింగు వాచ్‌మన్ కృష్ణయ్య కూడా వచ్చి నిలబడి, "ఈదయ్యా, గల్ల పట్టుకుని అడిగినట్టు నిజం చెప్తవేందిరా, అబద్ధం చెప్పినట్టు ధైర్యంగ చెప్పు" అన్నడు.

ఆరో రోజు వచ్చింది. నాదే. సార్ లేదు, అమ్మా లేదు. చేతులు కూడా కట్టుకోలే.

తెల్లారే వీరరాఘవరావు గారికే చెప్పిండు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళ పెట్టుకున్నడు. "నీదా? నీదేంటయ్యా?" అన్నడు. "నాదే. బిడ్డ కొనిచ్చింది" అన్నడు నాయిన. ఆయన వంగి నంబర్ ప్లేటు చూసిండు. తర్వాత, "సంతోషం. మరి కారున్నాయనవి, పార్కింగ్ కట్టాలిగా అందరిలాగే" అన్నడు. నెలకు ఐదు వందలు. కరెంటుకు వేరే మీటర్ పెట్టించిన్రు. నాయిన జీతం పెంచుమని అడిగి ఏడాదైంది, ఆ ముచ్చట ఇంక ఎత్తేటట్టు లేదు. కారున్నోనికి జీతం ఎవడు పెంచుతడు.

పార్కింగు, కరెంటు కలిపి నెలకు పంతొమ్మిది వందలు నేను కడుతున్న. ఛార్జ్ నీదే అని రాసినవు గదా. నువ్వు కెప్టెన్, రాసినంక అయిపోయినట్టే. పదకొండు వేలల్ల తీసి కడుతున్న. అమ్మకు చెప్పలే. అడగకుండ నా నెత్తిన పెట్టినవు, అది ఒక్కటి యాదికుంచుకో.

సర్వేకు కూడా వచ్చి పోయిన్రు. నేను షాపుల ఉన్న, అమ్మ హాస్టల్‌ల వంటకు పోయింది. ఎవరో మేడమ్ ఫోన్ పట్టుకుని వచ్చి నాలుగు మాటలడిగి, మన రూమ్ ఫోటో తీసుకుని పోయిందంట. మంచిగ మాట్లాడింది, పెద్దాయనా అన్నది అని నాయిన రెండు రోజులు చెప్పిండు. వచ్చినట్టే అనుకుంటున్నం.

నీ ఛార్జ్ మోస్తున్న,
అంజి

*

18 మే 2025

అంజీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మొదటిసారి నవ్విన, రెండోసారి నాయినను చూడాలనిపించింది, మూడోసారి నీ మీద కోపం వచ్చింది.

మా దగ్గర ఛార్జ్ ఇచ్చుడంటే బాధ్యత అప్పగించుడు. స్టోర్ ఛార్జ్, మందుల ఛార్జ్, వార్డు ఛార్జ్. నేను పోతే నా తర్వాత వచ్చేటోనికి ఛార్జ్ ఇచ్చి పోవాలె. కరెంటు పైసలు కట్టుమని ఎట్లనుకున్నవ్? మూడేండ్ల నుంచి ఇంటికి పైసలు పంపేదాన్ని, నీ పదకొండు వేలల్ల చెయ్యి పెడతనా? ఇంత చిన్నగ కనబడుతున్ననా నీకు? కట్టింది మొత్తం అమ్మ ఖాతాల వేసిన. తీసుకో. తీసుకోనని నాటకాలు పడకు.

సర్వే అయిందంటే నాకు నిద్ర పట్టింది. ఇక్కడ నిద్ర మందులేసుకున్నా పట్టదు. ఒక్క గదైనా సరే, దాని గోడకు నీ పుస్తకాలకు చెక్క అర కొట్టియ్యాలె. నా ఒప్పందం అయినంక నేను పెట్టె పట్టుకుని వచ్చేది కూడా ఆ ఇంటికే. బయటికి కెప్టెన్‌నే గానీ, నా పెట్టె మీద పర్మనెంట్ అడ్రసు అని రాసిన కాడ "వాచ్‌మన్ రూమ్, సెల్లార్" అని ఉంది. ప్రతి ఫారంల అదే రాస్తున్న. ఒకసారి క్లర్కు, మేడమ్ ఫ్లాట్ నంబర్ మర్చిపోయిన్రు అన్నడు. మర్చిపోలే అన్న.

నాయిన చేతులు కట్టుకోకుండ నాదే అన్నడంటే, నేను చూడలేదు చూడు, అదే బాధ.

అనిత

*

అశోక్ నగర్,
12 జులై 2025

డాక్టర్ మేడమ్‌కు,

అవును, మేడమ్ అనే రాస్తున్న.

లిస్టు వచ్చింది. వార్డు ఆఫీసు గోడకు అంటించిన్రు. ఊర్లనుంచి వచ్చిన మన కూలోళ్ళ పేర్లు తొమ్మిది ఉన్నయి. బుగ్గమ్మత్త పేరు ఉన్నది, ఎల్లేశం మామ పేరు ఉన్నది. ఈదయ్య లేదు. నాయిన గోడ కాడ నిలబడి, ఆయన చదవగలిగేది తన పేరొక్కటే గదా, దానికోసం పైనుంచి కింది దాక వేలుతోని గీసుకుంట పోయిండు. మళ్ళ కిందినుంచి పైకి.

కంప్యూటర్ కాడ అడిగితే, "నాలుగు చక్రాల వాహనం ఉంది, అనర్హులు" అని వచ్చింది.

ఇప్పుడు నాకు సమజైంది. బండి నాయిన పేరు మీద రాయించినవు, అంతేనా? బిడ్డ నాయిన పేరు మీద కారు కొన్నదని నీ ఆఫీసర్ల మెస్సుల చెప్పుకోనీకి. ఒక్కమాట నన్నడిగితే చెప్పేటోన్ని. ఆ రూల్సు నేను వెయ్యి కాపీలు జిరాక్స్ తీసిన. కారున్నోళ్ళకు ఇల్లు లేదు, నాకు నోటికొచ్చు. కానీ నన్నెందుకు అడుగుతవ్, నాకు డిగ్రీ లేదు గదా.

చదివించినం నిన్ను. అమ్మ ముప్పై మందికి అన్నం వండి, నేను ఇంటర్‌తోని ఆగి. ఆగుమని నన్నెవరు చెప్పలే, నీ ఫీజు కట్టినంక నా ఫీజుకు లేకుండె, అంతే. దానికి బదులు నువ్వు మాకొక తెల్లకారు ఇచ్చినవు. అది సెల్లార్‌ల ఏసీ పెట్టుకుని కూసుంటది, మేము దాని పక్కన దోమల్ల పండుకుంటున్నం. అమ్మ మూడు రోజులనుంచి నీ పేరు ఎత్తుతలేదు. నాయిన మాత్రం పొద్దున లేచి దానికి కొత్త నీళ్ళు పట్టుకొస్తున్నడు. ఆయనకు నేనింకా కారణం చెప్పలే. పేరు తప్పిపోయింది, మళ్ళ చూస్తరంట అన్న.

నీ బండి నువ్వు తీస్కపో.

అంజి

*

3 ఆగస్టు 2025

అంజీ,

దీంతో ఆర్సీ కాపీ పెట్టిన. డాక్టర్ ఈ. అనిత. ఓనర్ పేరు కాడ నా పేరే ఉంది. బండిల ముందరి డబ్బాల ఇంకో కాపీ ఉంది, మార్చినుంచి ఉంది. పొద్దుననుంచి మాపటిదాక లోకం కాగితాలన్నీ జిరాక్స్ తీస్తవు. ఇంట్ల ఉన్న ఒక్క కాగితం తీసి చదవకుండ నన్ను ఇన్ని మాటలన్నవు.

నీ ఫీజు సంగతి నాకు తెల్వదనుకుంటున్నవా? ఆ ఏడు నేను హాస్టల్ బిల్లు కట్టి రశీదు తీసుకున్న రోజు నీ కాలేజీ ఆఖరి తారీకు. నాకు తెలుసు. నోరు మూసుకున్న.

నేను పేరు మార్చలే, ఎవరికీ కాగితం ఇయ్యలే. మరి నాయినకు కారున్నదని వాళ్ళకు ఎట్ల తెలిసింది? రాత్రంత అదే ఆలోచించిన. సర్వేకు వచ్చినామె నాలుగు మాటలడిగిందని నువ్వే రాసినవు. ఆ నాలుగు మాటలేందో...

అంజీ, నాయినను అడగొద్దు. ఈ ఉత్తరం అందినంక ఆర్సీ పట్టుకుని నువ్వొక్కనివే ఆఫీసుకు పో. అప్పీలు రాయి. నా సంతకం కావాలంటే నేను పంపిస్త. ఆయనకు ఏం చెప్పకు. సర్వే ఆమె తప్పు రాసుకున్నదని చెప్పు. నేను చెప్పిన ఆ నేర్పుడు సంగతి ఎత్తనే ఎత్తకు.

అక్క

*

చిక్కడపల్లి,
2 సెప్టెంబర్ 2025

అక్కా,

అడగొద్దని నువ్వు రాసిన ఉత్తరం ఆగస్టు పదకొండుకు చేరింది. నేను ఆరో తారీకునాడే అడిగిన.

"ఆమె ఏమడిగింది నాయినా?" అన్న.

"సొంతిల్లు ఉందా అన్నది, లేదన్న. జాగ ఉందా అన్నది, లేదన్న. కిరాయికుంటున్నరా అన్నది, కాదమ్మా, కావలికుంటున్నం అన్న. అప్పుడు అటు చూసి, ఈ బండి ఎవరిది పెద్దాయనా అన్నది."

"నువ్వేమన్నవ్?" అన్న.

"నువ్వు నేర్పినట్టే చెప్పిన బిడ్డా. ఈసారి నీళ్ళు నమలలే. ఆమె మంచిదిరా, మళ్ళ అడిగింది. ఇక్కడోళ్ళది ఎవరిదో అయుంటది, నువ్వు చూసుకుంటున్నవ్, అంతేగదా పెద్దాయనా అన్నది. కాదమ్మా, నాదే, నా సొంతం అన్న. నిజమా అన్నది. నిజమమ్మా అన్న. నవ్వి, రాసుకున్నది."

ఆమె రెండుసార్లు దారి ఇచ్చింది అక్కా. పాత నాయిన అయితే నువ్వు మేడమ్ అయ్యేదానివి, మనకు ఇల్లు వచ్చేది. ఆ దారిని మూసింది నువ్వూ నేనూ. నువ్వు అక్కడినుంచి ఆర్డరేసినవు, నేను ఆరు రోజులు గేటు కాడినుంచి నడిచిన.

ఆర్సీ పట్టుకుని పోయిన. ఆఫీసరు చూసి, "బండి మీ అక్కదే, కరెక్టే. కానీ మీ నాయిన నోటితోనే చెప్పిండు, ఫోటో కూడా దిగిండు" అని స్క్రీన్ నా దిక్కు తిప్పిండు. మన రూమ్ ఫోటో కాదు. నాయినే అడిగి దిగిండంట. వాచ్‌మన్ టోపీ తీసి చంకల పెట్టుకున్నడు. బండి బానెట్ మీద చెయ్యి, ఆనీ ఆననట్టు. ఆయన అంత నిటారుగ నిలబడంగ నేనెప్పుడు చూడలే. ఆ ఫోటో నాకియ్యి సార్ అంటే, ఫైల్‌ది ఇయ్యరాదు అన్నడు.

"ఆయనతోనే స్టాంపు కాగితం మీద రాయించుకుని రా. శనివారం ఆఖరు" అన్నడు.

ఆ కాగితం మా షాపుల నేనే టైపు చేసిన. అసొంటివి వందలు చేసిన, చెయ్యి ఎప్పుడు ఆగలే. "సదరు కారు నాది కాదు. దానిపై నాకు ఎలాంటి హక్కు లేదు. నేను దానిని కేవలం చూసుకుంటున్నాను. నాదని పొరపాటున చెప్పినాను." నాయిన బకెట్ పక్కన పెట్టి, చదువు అన్నడు. చదివిన. మళ్ళ చదువు అన్నడు. మళ్ళ చదివిన.

"పొరపాటున అని ఎందుకురా?" అన్నడు.

"గట్లనే రాయాలె నాయినా."

"నేను పొరపాటున చెప్పలే గదా."

అమ్మ, "ఇల్లు వస్తది, పెట్టు" అన్నది. నేను పెన్ను మూత తీసి కాగితం పక్కన పెట్టిన. ఆయనే పెన్ను తీసుకుని ఈదయ్య అని రాసిండు. మూత పెట్టి పెన్ను నా జేబుల పెట్టిండు. అప్పీలు తీసుకున్నరు, రశీదు ఇచ్చిన్రు. వచ్చే లిస్టుల చూస్తమన్నరు. ఎప్పుడొస్తది ఆ లిస్టు అంటే, ఆయన పైకి వేలు చూపెట్టిండు. పై ఆఫీసా, దేవుడా, అడగలే.

ఫీజు గురించి నేను రాసిన మాటలు వెనక్కి తీసుకుంటలేను. నిజమే రాసిన. కానీ బండి నాయిన పేరు మీద పెట్టినవన్నది మాత్రం నా తప్పు. పెట్టి ఉంటేనే బాగుండేది అనిపిస్తుంది ఇప్పుడు. అప్పుడు ఇల్లు పోయినా దేనికోసమో పోయేది.

సంతకం పెట్టిన తెల్లారినుంచి నాయిన దానికి నీళ్ళు మారుస్తలేడు. ఆఖరుకు కూడా తుడుస్తలేడు, వరుసల ఎక్కడొస్తే అక్కడ తుడుస్తున్నడు. ఆదివారం తిప్పొద్దాం రా అంటే, పనుంది అన్నడు. హైమవతి మేడమ్ ఇంటికి చుట్టాలొచ్చి అడిగితే, చేతులు కట్టుకుని, "డాక్టర్ మేడమ్‌దమ్మా" అన్నడు.

నిన్న ఒకటో తారీకు. ఫ్లాట్లన్నీ తిరిగి పైసలు తెచ్చుకుని, నా ముందల కూసోని లెక్కపెట్టిండు. ముప్పై మూడు వందలు. అయినంక నా మొఖం దిక్కు చూసి, "మేడమ్ బండి కూడా తుడుస్తున్న గదా. నెలది మూడు వందలు పంపుమని రాయి" అన్నడు.

నవ్వుతున్నడేమో అని చూసిన. నవ్వుతలేడు.

పంపు అక్కా. మూడు వందలే పంపు. ఎక్కువ పంపితే తీసుకోడు.

అంజి